ముందు చక్రం మోసే బరువు

బండి మీద వెళ్లేటప్పుడు మన బరువు ఎవరు మోస్తున్నారో ఎప్పుడైనా ఆలోచించారా? ఇంజిను శబ్దం చేస్తుంది కనుక అది గుర్తుంటుంది. టైరు కంటికి కనబడుతుంది కనుక గాలి కొట్టిస్తాం. ముందు చక్రానికి అటొకటి ఇటొకటి నిలబడిన ఆ రెండు గొట్టాలను మాత్రం పదేళ్లయినా పలకరించం. ఒక్కో గొట్టంలో పొడవాటి స్ప్రింగు ఒకటి, చిన్న బండ్లకైతే 200 మిల్లీలీటర్ల లోపు ఆయిలు, మిగతాది గాలి. అంతే. ఆ కాస్త ఆయిలు చెడిపోయినా, కారిపోయినా అవి నోరెత్తవు. నోరెత్తేది హ్యాండిల్ పట్టుకున్నవాడి చేతులు.

మా ఇంట్లో అలా నోరెత్తింది చిన్నోడి కుడి మణికట్టు.

చిన్నోడంటే మాలో ఒకరికి తమ్ముడు, మరొకరికి మరిది. మేం ముగ్గురం మోతీనగర్‌లో రెండు గదుల పోర్షన్‌లో ఉంటాం. మాలో ఒకరు ప్రింటింగ్ ప్రెస్సుకు వెళ్తారు, ఒకరు ఇంట్లోనే బట్టలు కుడతారు. చిన్నోడు సినిమాల్లో లైట్‌మన్. తెర మీద వెలుగు చూసి మురిసిపోయే మనకు ఆ వెలుగును భుజాన మోసేవాళ్లు ఉంటారని గుర్తుకు రాదు. తెల్లవారుజామున, మెట్రో ఇంకా మొదలు కాకముందే, వాడు బండి తీస్తాడు. యూసుఫ్‌గూడ మీదుగా కృష్ణానగర్, అక్కడినుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ ఎత్తు ఎక్కి ఫిల్మ్‌నగర్. రాత్రి అదే దారిలో దిగిరావడం. ఈ ఎత్తుపల్లాలు కొండరాళ్ల మీద కట్టిన ఊరికి ఉండేవే. దిగుడులో ముందు బ్రేకు పట్టినప్పుడల్లా బండి బరువూ మనిషి బరువూ కలిసి ముందుకు తోసుకొస్తాయి. అదంతా ఆ రెండు గొట్టాల మీదే పడుతుంది.

పోయిన ఏడు ఒక రాత్రి షూటింగులో లైటు స్టాండు ఒరిగి వాడి చెయ్యి మీద పడింది. మణికట్టులో ప్లేటు వేశారు, స్క్రూలు బిగించారు. ఎవరి షూటింగు, ఎవరు ఎంత ఇచ్చారు అన్నది ఇక్కడ అక్కర్లేని సంగతి. డాక్టరు చెప్పింది మాత్రం చెప్పాలి. ఎముక అతుక్కుంది, బండి నడపవచ్చు, కాని బరువులు ఎత్తేది మూడో నెల చూసి చెబుతాను, ఈలోగా ఆ చేతికి దెబ్బలు తగలనివ్వకు అన్నాడు. దెబ్బలంటే పడటమే కాదు, అదురు కూడా. లైట్‌మన్‌కు మణికట్టు పోతే కూలి పోయినట్టే. ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే వారం రోజులు బండి నడిపి వచ్చి, అన్నం ప్లేటు ఎడమచేత్తో పట్టుకున్నప్పుడు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"నొప్పి ఎప్పుడు వస్తోందిరా?" అని అడిగాం.

"దిగుడులో బ్రేకు పట్టినప్పుడు వదినా. ముందు భాగం దబ్బున కిందికి పోయి టక్కుమంటది. ఆ టక్కు నేరుగా ఇక్కడికొస్తది" అని మణికట్టు చూపించాడు.

టక్కుమనడం అంటే ఏమిటో తెలిస్తేనే మిగతా సంగతి అర్థమవుతుంది. పై గొట్టం కింది గొట్టంలోకి జారుతుంది. గుంత వస్తే స్ప్రింగు నలుగుతుంది, దాటాక మళ్లీ సాగుతుంది. స్ప్రింగు పని బరువు మోయడం వరకే. దానికి ఓర్పు లేదు. ఎంత జోరుగా నలిగిందో అంత జోరుగా తిరిగి తన్నుతుంది, ఒక్కదాన్నే వదిలేస్తే బండి ఊగుతూనే ఉంటుంది. ఆ తన్నుడును నెమ్మదింపజేసేది ఆయిలు. సన్నటి రంధ్రాల గుండా తోసుకుంటూ వెళ్లాలి కనుక దానికి సమయం పడుతుంది, ఆ సమయమే మనకు సుఖం. పాతకాలపు మోటారు సైకిళ్లకు ఈ పని రాపిడి బిళ్లలు చేసేవి. ఆయిలుతో అదుపు చేసే గొట్టాల ఫోర్కును పెద్ద ఎత్తున అమ్మకానికి తెచ్చిన మొదటి బండి 1935 నాటి బీఎండబ్ల్యూ ఆర్12. తొంభై ఏళ్లయింది. ఈరోజు మన వీధుల్లో తిరిగే మామూలు బండ్లలో ఉన్నది దాదాపు అదే ఉపాయం.

బండిని పగటి వెలుగులో చూశాం. కుడి గొట్టం మీద ఆయిలు చార, దాని మీద దుమ్ము అంటి నల్లటి ఉంగరం. కొంచెం కిందికి కారి బ్రేకు కాలిపర్ దాకా వచ్చింది. ఇది నొప్పి సంగతి కంటే పెద్దది. డిస్కు మీద ఆయిలు పడితే చెక్‌పోస్ట్ దిగుడులో బ్రేకు పట్టదు.

మా వీధి మలుపులో మెకానిక్ ఉన్నాడు, మంచివాడే. చూసి, "ఇంజిన్ ఆయిల్ గట్టిది పోసేస్తా, దెబ్బకు సెట్ అయితది, ఊగనే ఊగదు" అన్నాడు. చాలాచోట్ల చేసేది అదే. అయితే ఊగకపోవడం వేరు, చేతికి సుఖంగా ఉండటం వేరు. ఆయిలు మరీ చిక్కనైతే చిన్న చిన్న గతుకులకు ఆ రంధ్రాల గుండా తొందరగా పారలేదు. అప్పుడు ఫోర్కు కర్రలా బిగుసుకుని ప్రతి గతుకునూ చేతికి అందిస్తుంది. ఇంజిన్ ఆయిల్లో మసి కడగడానికి వేసే మందులు కూడా ఉంటాయి, ఫోర్కులో అవి నురగకు కారణమవుతాయి. నురగలో గాలి ఉంటుంది, గాలికి అడ్డుకునే శక్తి లేదు. బండితో వచ్చిన పుస్తకంలో 10డబ్ల్యూ ఫోర్క్ ఆయిల్ అని రాసి ఉంది. పుస్తకం రాసినవాళ్లు ఆ రంధ్రాల కొలత తెలిసినవాళ్లు. వాళ్ల మాటే విందామనుకున్నాం. ఆదివారం ఇంట్లోనే చేద్దామని నిశ్చయించుకున్నాం. మాలో ఒకరికి ఊళ్లో ఉండగా మూడేళ్లు వర్క్‌షాపులో పనిచేసిన అనుభవం ఉంది కాబట్టే ఆ ధైర్యం. చక్రం విప్పడం, బ్రేకు బిగించడం చేతకాని ఇంట్లో దీనికి పూనుకోవద్దు.

ముందు కారడం సంగతి. కారిన ప్రతి సీలూ చిరిగిందని అర్థం కాదు. సీలు పెదవి కింద ఇసుక రేణువు ఒకటి చిక్కుకున్నా ఆయిలు బయటికి వస్తుంది. ఆ రేణువును తీయడానికి పాతకాలపు మెకానిక్కులు వాడేది ఏమిటో తెలుసా? ఫొటో ఫిల్ము ముక్క. ఫిల్ము పలచగా, నునుపుగా, వంగినా విరగకుండా ఉంటుంది. గొట్టానికీ సీలుకూ మధ్య దూర్చి చుట్టూ తిప్పితే మురికి బయటికి వస్తుంది, గొట్టం మీద గీత పడదు.

సినిమా వాళ్ల పేటలో ఉండి ఫిల్ము కోసం వెతుక్కోవలసి వచ్చింది చూడండి. షూటింగులన్నీ ఇప్పుడు డిజిటల్. చివరికి మా వీధి చివర ఇంట్లో ఒక పెద్దాయన గుర్తుకొచ్చారు. రీళ్ల రోజుల్లో ఎడిటింగ్ గదుల్లో అసిస్టెంటుగా పనిచేశారు. బిస్కెట్ డబ్బాలో కత్తిరింపు ముక్కలు కొన్ని దాచుకున్నారు. సంగతి చెబితే ఆయన కాసేపు మాట్లాడలేదు. "ముప్పయ్యేళ్లు వీటి మీద గోరు గీత పడకుండా చేతులకు తొడుగులు వేసుకుని పట్టుకున్నానమ్మా. ఇప్పుడు బండి బురద తీయడానికా?" అన్నారు. మేం లేచి వచ్చేద్దామనుకునేంతలో ఆయనే కత్తెర తెమ్మని, జానెడు ముక్క కోసి చేతిలో పెట్టారు. "చిన్నోడి చెయ్యి కోసమేగా. తీసుకుపోండి."

అంచుల్లో పళ్లచక్రం కోసం ఉండే రంధ్రాల వరసలు సీలుకు పట్టుకుంటాయి కనుక వాటిని కత్తిరించేశాం. మధ్య బొమ్మ పట్టీ మిగిలింది. కొసను చిన్న కొక్కెంలా కోశాం. వెలుతురుకు పెట్టి చూస్తే ఎవరిదో భుజం, వెనుక పూలమొక్కలు. ఏ సినిమానో తెలియదు. పై దుమ్ము మూతను స్క్రూడ్రైవరుతో మెల్లగా పైకి లేపి, ఫిల్మును దూర్చి గొట్టం చుట్టూ రెండుసార్లు తిప్పాం. నల్లటి ముద్ద వచ్చింది, అందులో మెరిసే ఇసుక. గొట్టం మీద గోరుతో గీకి చూశాం. ఎక్కడా తుప్పు పొక్కు తగల్లేదు. పొక్కులు ఉంటే మాత్రం ఫిల్ము పనికిరాదు, కొత్త సీలు వేసినా ఆ పొక్కు దాన్ని కోసేస్తుంది.

ఇక ఆయిలు. బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, ఇంజిను కింద చెక్కా ఇటుకలూ పేర్చి ముందు చక్రం గాలిలోకి లేపాం. చక్రం, మడ్‌గార్డు, కాలిపర్ విప్పాం. కాలిపర్‌ను గొట్టం మీద వేలాడనివ్వకుండా తాడుతో కట్టాం, లేకపోతే బ్రేకు పైపు నలుగుతుంది. ఫోర్కు పై మూతను, కాలు ఇంకా కింది క్లాంపులో బిగించి ఉండగానే, పై క్లాంపు బోల్టు వదులు చేసి కాస్త తిప్పి పెట్టుకోవాలి. బయటికి తీశాక తిప్పుదామంటే పట్టు దొరకదు. చివరి మరలు వదిలేటప్పుడు అరచేత్తో నొక్కిపట్టి, ముఖం పక్కకు పెట్టుకోవాలి. లోపల నొక్కుకుని కూర్చున్న స్ప్రింగు మూతను ఎగరగొడుతుంది. స్ప్రింగు ఏ కొస పైకి ఉందో చూసి గుర్తు పెట్టుకుని తీశాం. మా దాంట్లో చుట్లు ఒకవైపు దగ్గరగా, మరోవైపు ఎడంగా ఉన్నాయి.

పాత ఆయిలు బూడిద రంగులో, చేపల కడుగు నీళ్ల వాసనతో వచ్చింది. కొలిచాం. ఎడమ కాల్లో 150 మిల్లీలీటర్లు, కుడి కాల్లో 95. ఇంతకాలం వాడి బరువును ఒక కాలు మోస్తూ, ఒక కాలు కుంటుతూ వచ్చాయన్నమాట. కుంటిన కాలి పక్కనే వాడి కుంటిన చెయ్యి. ఆ గిన్నెలు రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు చిన్నోడు ఏమీ అనలేదు, కుడిచేతి వేళ్లు మెల్లగా మూసి తెరిచాడు.

ఇప్పుడు అసలు సంగతి, మట్టం. ఆయిలు ఇన్ని మిల్లీలీటర్లు అని పోసేసి మూత పెట్టవచ్చు, చాలామంది అలాగే చేస్తారు. కాని లోపలి గోడలకు పాత ఆయిలు ఎంత అంటుకుని ఉందో ఎవరికి తెలుసు? అందుకే మట్టం కొలవాలి. స్ప్రింగు లేకుండా, ఫోర్కును పూర్తిగా కిందికి నొక్కి, నిటారుగా నిలబెట్టి, పై అంచు నుండి ఆయిలు దాకా ఎంత లోతు ఉందో చూడాలి. అంతకు ముందు పది పదిహేనుసార్లు మెల్లగా పైకీ కిందికీ ఆడించి బుడగలు పోనివ్వాలి.

ఎందుకింత పట్టింపు అంటే, ఆయిలు పైన మిగిలిన గాలి కూడా ఒక స్ప్రింగే. మూత బిగించాక దానికి బయటికి పోయే దారి లేదు. గాలిని సగానికి నొక్కితే దాని పీడనం రెండింతలవుతుంది. లెక్క సులువు కోసం గొట్టాన్ని నిలువు సీసా అనుకుందాం. సాగినప్పుడు గాలి 270 మి.మీ. ఎత్తు ఉండి, పూర్తిగా నలిగినప్పుడు 150కి వస్తే పీడనం 1.8 రెట్లు. అదే ఆయిలు మట్టం 30 మి.మీ. పెంచితే 240 కాస్తా 120 అవుతుంది, పీడనం రెండు రెట్లు. తేడా అంతా చివర్లోనే. మామూలు గతుకుల్లో మట్టం సంగతి చేతికి తెలియదు. దబ్బున కిందికి పోయే ఆ ఆఖరి రెండంగుళాల్లోనే ఆ గాలి చెయ్యి అడ్డుపెడుతుంది. మాకు కావలసింది అక్కడే.

కొలిచే పనిముట్టు బజార్లో దొరుకుతుంది గాని, మేం మందుల షాపులో 50 మిల్లీలీటర్ల సిరంజి కొని, సెలైన్ పైపు ముక్క తగిలించాం. పుస్తకం చెప్పిన లోతు దగ్గర పైపుకు దారం ముడి వేసి, ముడి గొట్టం అంచుకు వచ్చేలా దించి పీల్చడం. ఎక్కువైన ఆయిలు వచ్చేస్తుంది, గాలి పీలుస్తున్న చప్పుడు రాగానే మట్టం కుదిరినట్టు. ఇది కుట్టుపని చేసే చేతికే అప్పగించాం. జాకెట్టు చంకలో పావు అంగుళం తేడా పట్టే కన్ను అది. రెండు కాళ్లూ మిల్లీమీటరు తేడా లేకుండా వచ్చాయి.

స్ప్రింగు ఇంకా మిగిలింది. బండెక్కి కూర్చుంటే ఫోర్కు ఎంత దిగుతుందో చూడటానికి గొట్టానికి కేబుల్ టై ఒకటి బిగించి ముందే కొలిచి పెట్టాం. 120 మి.మీ. ప్రయాణంలో చిన్నోడు కూర్చుంటేనే 48 పోతోంది. మూడో వంతుకు అటూ ఇటూ ఉంటే రోడ్డు బండికి సరిపోతుంది. పన్నెండేళ్ల స్ప్రింగు కొంచెం కుంగింది గాని, పుస్తకం చెప్పిన కనీస పొడవు కంటే తక్కువ కాలేదు. కాబట్టి కొత్తది కొనకుండా, మూత కింద 12 మి.మీ. పీవీసీ పైపు ముక్క పెట్టాం. కొసలు వంకర లేకుండా ఆకురాయితో చదును చేసి, స్ప్రింగుకూ దానికీ మధ్య వాషరు వేశాం. గమనించండి, ఈ ముక్క స్ప్రింగును గట్టిపరచదు. ముందుగానే కొంచెం నొక్కి ఉంచుతుంది, బండిని ఆ మేరకు పైకి నిలబెడుతుంది, అంతే. స్ప్రింగును కోసి గట్టిపరచే వాళ్లున్నారు, మాకు అది నచ్చదు. కోసింది మళ్లీ అతకదు.

బ్రేకు ప్యాడ్లు ఆయిలు తాగాయి కనుక కొత్తవి వేశాం. ఈ ఒక్క చోట పొదుపు చూడకూడదు. డిస్కును స్పిరిట్‌తో తుడిచాం. అన్నీ బిగించి, కదలకుండా నిలబెట్టి బ్రేకు పట్టి ముందుకు తోస్తే దిగింది, ఒకసారి లేచింది, ఆగింది. కూర్చుని కొలిస్తే 36.

మరునాడు చెక్‌పోస్ట్ దాకా వెళ్లి వచ్చాడు. టక్కు చాలా తగ్గిందన్నాడు. కాని దిగుడులో కేబుల్ టై ఇంకా అడుగు దాకా జరిగి ఉంది. అంటే ఒక్కసారైనా పూర్తిగా దిగింది. అప్పుడు చక్రం లేపి మూతలు మాత్రం తీసి, ఒక్కో కాలికి సిరంజితో 6 మిల్లీలీటర్లు కలిపాం. 27 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న గొట్టంలో అది దాదాపు 10 మి.మీ. ఎత్తు. ఇంతకంటే ఎక్కువ తొందరపడకూడదు. ఆయిలు మరీ నిండితే గాలికి చోటు ఉండదు, ఆ ఒత్తిడి సీలును బయటికి తోసేస్తుంది. ఈసారి టై అడుగుకు 12 మి.మీ. పైన ఆగింది. కుడి గొట్టానికి చుట్టిన కాగితం వారం తర్వాత కూడా పొడిగానే ఉంది.

పాత ఆయిలును కాలువలో పోయలేదు. సీసాలో నింపి మెకానిక్ దగ్గర వాడిన ఆయిలు పీపాలో పోయించాం. ఆయన సిరంజి చూపించమని అడిగి, అటూ ఇటూ తిప్పి చూసి, "నాకొకటి చేసియ్యిండ్రి" అన్నాడు. చేసి ఇచ్చాం.

మణికట్టు పూర్తిగా బాగుపడిందని మేం చెప్పడం లేదు. చలికి ఇంకా సలుపుతుంది. మూడో నెల చూపిస్తే డాక్టరు సగం బరువులకు ఒప్పుకున్నాడు, కాబట్టి ప్రస్తుతం వాడు పెద్ద లైట్ల జోలికి పోకుండా కేబుళ్లు పరిచే పనిలో ఉన్నాడు. కూలి కొంచెం తక్కువ. అయినా అన్నం ప్లేటు మళ్లీ కుడిచేత్తోనే పట్టుకుంటున్నాడు.

ఫిల్ము ముక్కను కడిగి పెద్దాయనకు తిరిగి ఇవ్వబోతే వద్దన్నారు. మీ దగ్గరే ఉంచండి, మళ్లీ ఎవరికైనా పనికొస్తుందన్నారు. ఎదురింటి కుర్రాడి బండికి ఎడమవైపు కారుతోంది. ఆయిలు సీసాలో ఇంకా సగం పైనే ఉంది, వచ్చే ఆదివారం రమ్మన్నాం.